పుట్టింటి పురుడు, శ్వేతసౌధం గుమ్మం



తెనాలిలో నాకొక స్నేహితుడున్నాడు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. ఊరందరికీ ఆయన మాస్టారే, అలవాటై నాకూ మాస్టారే. కూతురూ అల్లుడూ న్యూజెర్సీలో ఉంటారు. వాళ్ళకిద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, ఐదో క్లాసు. చిన్నాడు మూడో క్లాసు. మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్న, అంటే వాళ్ళకింకా శనివారం రాత్రి, వీడియో కాల్ చేస్తే ఇద్దరూ కీచులాడుకుంటూ కనిపించారట. "అక్క ప్రెసిడెంట్ అవలేదు తాతయ్యా, నేనైతే అవొచ్చు" అని వాడు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. స్కూల్లో ఆ వారం ప్రెసిడెంటుకు ఉండాల్సిన అర్హతల పాఠం చెప్పారట.

మాస్టారు నాకు ఫోన్ చేశాడు. "ఏమోయ్, ముప్ఫై ఏళ్ళు పేపర్లో విదేశీ వార్తలు వెలగబెట్టావుగా. ఇదేం లెక్క? ఒకే తల్లీ తండ్రీ. ఒకే ఇల్లు. వాడికున్నది దానికెందుకు లేదు?"

ఎందుకు లేదో మాస్టారికి తెలియక కాదు. ఒప్పుకోవడానికి మనసు రాక. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని పట్టుబట్టింది ఆయన భార్యే. కూతురు ఏడో నెలలో విమానం ఎక్కి వచ్చింది. సీమంతం చేశారు, గాజులు తొడిగారు. గుంటూరు కొత్తపేటలో ఒక నర్సింగ్ హోములో ఆడపిల్ల పుట్టింది. మూడో నెల వచ్చాక తల్లీబిడ్డా వెళ్ళిపోయారు. రెండో కాన్పు నాటికి కూతురికి సెలవు దొరకలేదు. వస్తే మళ్ళీ వీసా స్టాంపింగ్ ఏమవుతుందోనని భయం కూడా. దాంతో అమ్మే కాయం డబ్బా, కారప్పొడి పొట్లాలు కట్టుకుని అటు వెళ్ళింది. పిల్లాడు అక్కడే పుట్టాడు. పుట్టింటి పురుడనే ఆనవాయితీ మన ఆడపిల్లకు శ్వేతసౌధం తలుపు మూస్తుందని ఆ రోజు గాజులు తొడిగిన ముత్తయిదువలకు ఏం తెలుసు?

ఫోన్లో మాస్టారికి సగమే చెప్పగలిగాను. మిగతా సగం మీకు చెబుతాను. ఆయన కూడా రేడియో దగ్గరే కూర్చుని ఉంటాడు.

అమెరికాలో ఆ కుర్చీ దాకా వెళ్ళాలంటే రెండు గుమ్మాలు దాటాలి. మొదటిది పార్టీ గుమ్మం.

టికెట్ సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. నామినేషన్ల ఆఖరి రోజు, గడియారం మూడు కొట్టబోతుండగా, బీఫామ్ జేబులో పెట్టుకుని ఆర్వో ఆఫీసు మెట్లెక్కే పెద్దమనుషుల్ని ప్రతి ఎన్నికల్లోనూ చూస్తున్నాం. ఆ కాగితం అధిష్ఠానం ఇచ్చేది. అమెరికాలో దాన్ని ఓటర్లే ఇస్తారు. అసలు ఎన్నికకు ముందు పార్టీలోనే ఒక ఎన్నిక పెడతారు. దాని పేరు ప్రైమరీ. దాంట్లో ఒక చిక్కుంది. అసలు ఎన్నికలో గుర్తు చూసి ఓటేయొచ్చు. ప్రైమరీలో అందరిదీ ఒకే గుర్తు, ఒకే జెండా, ఇంచుమించు ఒకే మాట. ఎనిమిది మంది నిలబడితే ఎవరెవరో తేల్చుకోవడానికి ఓటరుకు ఆనవాలు ఉండదు. అప్పుడు చుట్టూ చూస్తాడు. నేను నమ్మే మనిషి ఎవరి పక్కన నిలబడ్డాడు? అక్కడ పుట్టిందే ఎండార్స్‌మెంట్.

డెస్కులో ఈ మాటతో చాలా అవస్థ పడ్డాం. 'మద్దతు' అని రాసేవాళ్ళం కానీ అది అతకదు. మన రాజకీయాల్లో మద్దతంటే ఇవాళ ఇచ్చి రేపు ఉపసంహరించుకునేది. బ్యాంకుకు వెళ్ళేవాళ్ళకు అసలర్థం తెలుసు. చెక్కు వెనక సంతకం పెట్టడం ఎండార్స్‌మెంట్. నన్నడిగితే దీనికి పల్లెటూరి మాటే సరిపోతుంది. పూచీ. 'ఈ మనిషికి నాదీ పూచీ' అని పదిమందిలో అనడం. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే హామీదారు పరువు పోయినట్టే, ఇక్కడా పూచీ పడ్డవాడి పరువు పణంగా ఉంటుంది.

అలాంటి పూచీ ఒకటి చెబుతాను. 2020లో డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలు మొదలయ్యాయి. జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. నెవాడాలో రెండోవాడైనా మొదటివాడికి చాలా దూరం. పత్రికల్లో ఆయన రాజకీయ జీవితానికి పెద్దకర్మ వార్తలు సిద్ధం చేసుకుంటున్నారు. నేనూ ఒకటి రాసి పెట్టుకున్నాను, అబద్ధమెందుకు. తర్వాతి పోటీ ఫిబ్రవరి 29న దక్షిణ కెరొలినాలో. అక్కడ ఆ పార్టీ ప్రైమరీ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు. వాళ్ళకు పెద్దదిక్కు జిమ్ క్లైబర్న్ అనే కాంగ్రెస్ సభ్యుడు.

క్లైబర్న్ కథ వేరే ఒక ప్రసంగానికి సరిపోతుంది. 1960లో విద్యార్థిగా వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఊరేగింపులో నడిచి ఆరెంజ్‌బర్గ్‌లో అరెస్టయ్యాడు. ఆకలితో ఉన్న ఆయనకు అక్కడొక అమ్మాయి తన హాంబర్గర్ సగం తుంచి ఇచ్చింది. ఆవిడే ఎమిలీ, తర్వాత భార్య. 2019 సెప్టెంబరులో కన్నుమూసింది. ఈసారి గెలవగలిగేది బైడెనే అని ఆవిడ నమ్మకం. క్లైబర్న్‌దీ అదే మనసు. కానీ పైకి అనలేదు. అలా ఉండగా ఒకరోజు, తన లెక్కలు చూసే పాత స్నేహితుడు పోతే, అంత్యక్రియలకు చర్చికి వెళ్ళాడు. ముందు బల్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. వేలితో దగ్గరికి పిలిచింది. వంగమంది. నీ ఓటెవరికి, గట్టిగా చెప్పడం ఇష్టం లేకపోతే నా చెవిలో చెప్పు, అంది. ఆయన చెవిలో చెప్పాడు. నాకు ఈ మాట కావాలి, ఊరికీ కావాలి, అందావిడ. ఇదంతా తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఫిబ్రవరి 26న, పోలింగుకు మూడు రోజుల ముందు, క్లైబర్న్ మైకు పట్టుకున్నాడు. మాకు జో తెలుసు, అంతకంటే ముఖ్యం జోకి మేం తెలుసు, అన్నాడు. ఇలాంటి మాట మన దగ్గర సంబంధాలు కుదిర్చే పెద్దలంటారు. 29న బైడెన్ గెలిచాడు, అదీ సగం ఓట్లకు దగ్గరగా. మర్నాడు పోటీలో ఉన్న పీట్ బుటిజెజ్ తప్పుకున్నాడు. ఆ మర్నాడు ఎమీ క్లోబుషార్ తప్పుకుంది. ఆ రాత్రే ఇద్దరూ డాలస్ వచ్చి బైడెన్‌కు పూచీ పడ్డారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో పోలింగ్ జరిగితే బైడెన్ 10 గెలుచుకున్నాడు. నేను రాసిపెట్టుకున్న వార్త కంప్యూటర్లోనే పాతబడిపోయింది.

ఇది విని పెద్ద మనిషి చెయ్యెత్తితే చాలు గెలుపే అనుకునేరు. 2003 డిసెంబరులో అల్ గోర్, అంతకు మూడేళ్ళ ముందు దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా ఓడిపోయిన మనిషి, హోవర్డ్ డీన్‌కు పూచీ పడ్డాడు. డెమోక్రటిక్ పోటీదారుల్లో డీన్ అప్పటికి అందరికంటే ముందున్నాడు. ఆరు వారాలు తిరక్కుండా అయోవాలో మూడో స్థానానికి పడ్డాడు. 2008లో ఎడ్వర్డ్ కెనడీ అంతటివాడు బరాక్ ఒబామా పక్కన నిలబడ్డాడు. మసాచుసెట్స్‌లో కెనడీ మాటకు తిరుగులేదంటారు కదా. రాష్ట్రంలో రెండో సెనేటరు జాన్ కెరీ, గవర్నరు డెవాల్ పాట్రిక్ కూడా ఒబామా వైపే. పోలింగ్ వారం రోజుల్లో వచ్చింది. మసాచుసెట్స్‌లో గెలిచింది హిల్లరీ క్లింటన్.

మరి క్లైబర్న్ మాట ఎందుకు పారింది? ఆ ముసలావిడ దగ్గరే ఉంది జవాబు. ఆవిడ బైడెన్ గురించి తెలుసుకోవడానికి అడగలేదు. తనకు తెలిసిందాన్ని తన మనిషి నోట వినాలని అడిగింది. గోర్ ఇచ్చింది సిఫారసు ఉత్తరం. క్లైబర్న్ ఇచ్చింది చెవిలో మాట. అమెరికా రాజనీతి పండితులు 2008లో ఒక పెద్ద పుస్తకం వేశారు, అధ్యక్ష అభ్యర్థిని నిజానికి పార్టీ పెద్దల పూచీలే నిర్ణయిస్తాయని. ఎనిమిదేళ్ళకు, 2016లో, పార్టీ పెద్దల పూచీ దాదాపు లేకుండానే డొనాల్డ్ ట్రంప్ టికెట్ పట్టుకుపోయాడు. ఆయనకు మొట్టమొదట పూచీ పడిన సెనేటరు జెఫ్ సెషన్స్. అది కూడా ఫిబ్రవరి ఆఖర్న, ట్రంప్ మూడు రాష్ట్రాలు గెలిచాక.

ఆ ట్రంపే తర్వాత పూచీ వ్యాపారంలో అందరికంటే పెద్ద షావుకారయ్యాడు. 2022లో ఒహాయో సెనేట్ సీటుకు రిపబ్లికన్ ప్రైమరీ. జేడీ వాన్స్ అనే రచయిత వెనకబడి ఉన్నాడు. ఒకప్పుడు ట్రంప్‌ను నోటికొచ్చినట్టు తిట్టినవాడు కూడా. ఏప్రిల్ 15న ట్రంప్ ఆయనకు పూచీ పడ్డాడు. మే 1న నెబ్రాస్కా సభలో మాట్లాడుతూ తాను నిలబెట్టిన మనిషి పేరే తడబడ్డాడు. వాన్స్ పేరులో సగం, ప్రత్యర్థి మాండెల్ పేరులో సగం కలిపి 'జేడీ మాండెల్' అన్నాడు. అయినా మే 3న వాన్స్ 32 శాతం ఓట్లతో గెలిచాడు. మూడేళ్ళు గడవకముందే ఉపాధ్యక్షుడు. ఆయన భార్య ఉష పుట్టింటివారు చిలుకూరివారు, ఆంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు. అందుకే ఆ వార్త రోజున మన టీవీల్లో ఒహాయో కంటే గోదావరి జిల్లాలే ఎక్కువ కనిపించాయి.

ఇక రెండో గుమ్మం. దీన్ని ఎవరి పూచీ తెరవలేదు.

అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడికి మూడే అర్హతలు పెట్టింది. వయసు 35 నిండాలి. 14 ఏళ్ళు ఆ దేశంలో నివాసం ఉండాలి. పుట్టుకతోనే పౌరుడై ఉండాలి. ఈ మూడో దాన్ని మా డెస్కులో కొత్తగా చేరిన కుర్రాడొకడు మక్కీకి మక్కీ 'సహజంగా పుట్టిన పౌరుడు' అని రాసి తెచ్చాడు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న చీఫ్ సబ్ ఎడిటరు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏం నాయనా, ఆపరేషన్ చేసి తీస్తే పనికిరాడా?" అన్నాడు. అప్పటినుంచి మా పేపర్లో 'జన్మతః పౌరుడు' అని స్థిరపడింది. నవ్వుకున్నాం కానీ, ఆ కుర్రాడి అయోమయంలో అన్యాయమేం లేదు. రాజ్యాంగం రాసినవాళ్ళు కూడా ఆ మాటకు అర్థం ఎక్కడా రాయలేదు.

1787 వేసవి. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్నారు. జులై 25న జాన్ జే అనే నాయకుడు, సభకు అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్‌కు ఒక ఉత్తరం రాశాడు. సైన్యాధిపత్యం జన్మతః పౌరుడైనవాడికి తప్ప మరొకరి చేతిలో పడకుండా చూడటం మంచిది కాదా అని దాని సారాంశం. బయటి రాజవంశం నుంచి ఎవడో ఒకడొచ్చి కూర్చుంటాడేమోనని అప్పట్లో భయం. ఆ కాలానికి అది అర్థంలేని భయమేం కాదు. షరతు రాజ్యాంగంలోకి ఎక్కింది. దాని మీద చర్చ జరిగిన దాఖలా లేదు. కరీబియన్ దీవిలో పుట్టిన అలెగ్జాండర్ హామిల్టన్‌ను అడ్డుకోవడానికే ఇది పెట్టారని ఒక కథ చెబుతుంటారు. అది కట్టుకథ. రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికి పౌరులైనవాళ్ళకు అదే వాక్యంలో మినహాయింపు ఇచ్చారు. హామిల్టన్‌కు ఏ అడ్డూ లేదు.

పుట్టుకతో పౌరుడంటే ఆ నేల మీద పుట్టినవాడా? పౌరుల కడుపున ఎక్కడ పుట్టినా సరేనా? ఈ ప్రశ్న ప్రైమరీల్లో ఎలా పనికొస్తుందో చూడాలంటే 2016 జనవరిలో అయోవాకు వెళ్ళాలి.

టెడ్ క్రూజ్ టెక్సస్ సెనేటరు, ఆ ఏడు రిపబ్లికన్ ప్రైమరీల్లో ట్రంప్‌కు పోటీదారు. పుట్టింది 1970లో, కెనడాలోని కాల్గరీలో. తల్లి అమెరికా పౌరురాలు, తండ్రి క్యూబా మనిషి. తనకు కెనడా పౌరసత్వం కూడా ఉందని పత్రికలు బయటపెట్టాక 2014లో వదులుకున్నాడు. 2015 సెప్టెంబరులో ట్రంప్‌ను అడిగితే, క్రూజ్ అర్హత సంగతి లాయర్లంతా చూశారు, ఇబ్బందేం లేదన్నాడు. జనవరి వచ్చేసరికి అయోవాలో క్రూజ్ ముందుకొచ్చాడు. వెంటనే ట్రంప్‌కు కాల్గరీ గుర్తొచ్చింది. ఈ మనిషిని నిలబెడితే రేపు డెమోక్రాట్లు కోర్టుకెళతారు, పార్టీ మునుగుతుంది, ఆలోచించుకోండి, అని సభల్లో మొదలుపెట్టాడు. జనవరి 14న చర్చావేదిక మీద క్రూజ్ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. సెప్టెంబరు నుంచి ఇప్పటికి రాజ్యాంగం మారలేదు, సర్వేల్లో అంకెలే మారాయి, అన్నాడు. విచిత్రమేమిటంటే ట్రంప్ కూడా దాన్ని కాదనలేదు.

మనకు తెలియని విద్యేం కాదు ఇది. నామినేషన్ల పరిశీలన రోజున ఎదుటివాడి కులధ్రువీకరణ పత్రం మీద అభ్యంతరం పెట్టడం, అది నెగ్గకపోయినా పర్వాలేదు, సాయంత్రానికి ఊరంతా అనుమానం పాకితే చాలు. పూచీకి ఇది తలకిందులు. ఈ మనిషి మనవాడు అనడం పూచీ. మనవాడేనా అని ఊరికే అడిగి వదిలేయడం ఇది. జనవరి 19న అయోవాలో ఒకేరోజు రెండు ముచ్చట్లు జరిగాయి. రిపబ్లికన్ నాయకురాలు సారా పేలిన్ వచ్చి ట్రంప్‌కు పూచీ పడింది. అయోవా గవర్నరు టెరీ బ్రాన్‌స్టాడ్ ఎవరికీ పూచీ పడకుండా, క్రూజ్ మాత్రం ఓడిపోవాలి అన్నాడు. ఆయన కోపం కాల్గరీ మీద కాదు, మొక్కజొన్న నుంచి తీసే ఇథనాల్ మీద క్రూజ్ వైఖరి గురించి. ఇంత జరిగినా ఫిబ్రవరి 1న అయోవాలో గెలిచింది క్రూజే. పెన్సిల్వేనియా కోర్టు ఆయన జన్మతః పౌరుడే అని తీర్పు కూడా ఇచ్చింది. కానీ అసలు సుప్రీంకోర్టు మాత్రం ఈ మాటకు అర్థం ఇదీ అని ఎన్నడూ తేల్చలేదు.

మరి తేల్చేదెవరు? మన దగ్గర స్క్రూటినీ అని ఒక రోజు, దానికొక ఆర్వో, ఒక బల్ల, ఒక రిజిస్టరు ఉంటాయి. అక్కడ దేశం మొత్తానికీ అలాంటి బల్ల లేదు. ఏ రాష్ట్రం బ్యాలెట్ దానిది. 2008 రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ 1936లో పనామా కాలువ మండలంలోని నౌకాదళ స్థావరంలో పుట్టాడు. 2008లో ఆయన అర్హుడేనని సెనేట్ ఏకగ్రీవంగా తీర్మానం చేసి పెట్టింది. దానికి మద్దతుగా పేరిచ్చినవాళ్ళలో ప్రత్యర్థి ఒబామా ఉన్నాడు. హవాయిలో, అమెరికా నేల మీద, అమెరికా తల్లికి పుట్టిన అదే ఒబామా, 2011 ఏప్రిల్లో తన పూర్తి జనన ధ్రువపత్రం దేశానికి చూపించుకోవాల్సి వచ్చింది. పనామాలో పుట్టిన తెల్లాయనకు తీర్మానం, హోనలూలూలో పుట్టిన నల్లాయనకు తనిఖీ. దీని మీద నేను వ్యాఖ్యానించను. 2023 డిసెంబరులో కొలరాడో సుప్రీంకోర్టు ఇంకో రకం అనర్హత, తిరుగుబాటులో పాల్గొన్నాడన్నది, చూపి ట్రంప్ పేరును ప్రైమరీ బ్యాలెట్ నుంచి తీసెయ్యమంది. 2024 మార్చి 4న, అక్కడ పోలింగుకు ఒక్కరోజు ముందు, దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆ పని ఒక్కో రాష్ట్రం చేసేది కాదంది.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం.

1964లో హైదరాబాదులో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఒకరు అరుణ, కాట్రగడ్డవారి అమ్మాయి. ఇంకొకరు గజాలా హాష్మీ. అరుణ ఏడేళ్ళప్పుడు, గజాలా నాలుగేళ్ళప్పుడు అమెరికా వెళ్ళారు. అరుణ సివిల్ ఇంజినీరయింది, మేరీలాండ్‌లో ఒక కౌంటీకి పాతికేళ్ళు రోడ్లూ రవాణా చూసింది. 2000లో పౌరసత్వం తీసుకుంది. గజాలా వర్జీనియాలో కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది.

అరుణ మిల్లర్ 2018లో కాంగ్రెస్ సీటుకు డెమోక్రటిక్ ప్రైమరీలో నిలబడింది. మహిళా అభ్యర్థులకు దన్నుగా నిలిచే పెద్ద సంస్థ ఎమిలీస్ లిస్ట్ పూచీ ఆవిడకే దక్కింది. ఎదుట డేవిడ్ ట్రోన్, మద్యం దుకాణాల వ్యాపారి. సొంత జేబులోంచి కోటి డాలర్లకు పైగా పెట్టాడు. అరుణ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. పూచీకి, పైసకి పోటీ పెడితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. నాలుగేళ్ళకు వెస్ మూర్ గవర్నరుగా పోటీ చేస్తూ ఆవిడను తన జోడీగా తీసుకున్నాడు. 2023 జనవరి 18న భగవద్గీత మీద చెయ్యి పెట్టి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేసింది. గజాలా హాష్మీ 2025 జూన్‌లో అదే పదవికి వర్జీనియా ప్రైమరీలో దిగింది. ఆరుగురు పోటీ. మొదటి ముగ్గురికీ వెంట్రుకవాసి తేడా. నెగ్గింది. నవంబరులో అసలు ఎన్నికా నెగ్గింది.

ఒకసారి పటం ముందు పెట్టుకోండి. మేరీలాండ్, వర్జీనియా ఇరుగుపొరుగు రాష్ట్రాలు. మధ్యలో పోటోమాక్ నది. ఆ నది ఒడ్డునే వాషింగ్టన్, శ్వేతసౌధం. ఒక పక్క అనాపోలిస్ నుంచి కార్లో గంట, ఇంకో పక్క రిచ్‌మండ్ నుంచి రెండు గంటలు. అటొక హైదరాబాదీ, ఇటొక హైదరాబాదీ. తమ రాష్ట్రానికి గవర్నరు కావచ్చు. పౌరసత్వం వచ్చి 7 ఏళ్ళయితే ప్రతినిధుల సభకూ, 9 ఏళ్ళయితే సెనేటుకూ వెళ్ళొచ్చు. మధ్యలో కనిపించే ఆ తెల్లని మేడలోకి మాత్రం కాదు. ఉపాధ్యక్ష పదవి కూడా కాదు, దానికీ అవే అర్హతలని రాజ్యాంగం 12వ సవరణ చెబుతోంది. క్లైబర్న్ చెప్పినా, ట్రంప్ చెప్పినా, దేశంలో ప్రతి చర్చిలోనూ ముసలమ్మలు చెవులు కొరుక్కున్నా లాభం లేదు. అదే కమలా హారిస్ సంగతి చూడండి. తల్లి తమిళ కుటుంబం నుంచి చదువుకోవడానికి వెళ్ళిన అమ్మాయి, తండ్రి జమైకా నుంచి వెళ్ళిన విద్యార్థి. పిల్ల ఓక్‌లాండ్‌లో పుట్టింది. అంతే, తలుపు తెరుచుకుంది.

మాస్టారి మనవరాలి చిక్కు ఇక్కడే. తల్లి అప్పటికి అమెరికా పౌరురాలైతే, గుంటూరులో పుట్టినా క్రూజ్ దారిలో వాదించుకోవచ్చు. కానీ తల్లిదండ్రులిద్దరూ హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు. గ్రీన్‌కార్డు వరస ఇంకా రాలేదు. ఆ పిల్లకు 21 నిండేలోగా రాకపోతే తల్లిదండ్రుల వీసా నీడ కూడా పోతుంది. ప్రెసిడెంటు సంగతి దేవుడెరుగు, ముందు ఆ ఊళ్ళో ఉండటమే ప్రశ్న.

మన రాజ్యాంగం ఈ విషయంలో ధారాళంగానే ఉంది. రాష్ట్రపతి 35 ఏళ్ళు నిండిన భారత పౌరుడై ఉండాలంటుందే తప్ప, ఎక్కడ పుట్టాడని 58వ అధికరణం అడగదు. అందుకే 1999 మేలో సోనియా గాంధీ పుట్టుక మీద పవార్, సంగ్మా, తారిక్ అన్వర్ జెండా ఎత్తినప్పుడు వాళ్ళకు చట్టం అక్కరకు రాలేదు. సొంత పార్టీ పెట్టుకోవాల్సి వచ్చింది.

తమ్ముడి స్థానమైనా పదిలమేనా అంటే, వాడిదైతే పదిలమే. అమెరికా నేల మీద పుట్టిన పిల్లలు పౌరులేనని 1868లో వచ్చిన 14వ సవరణ చెప్పింది. చైనా తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2025 జనవరి 20న ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, ఇకమీదట పుట్టే పిల్లలకు పౌరసత్వం రాదని. ఆ వారంలో న్యూజెర్సీ, టెక్సస్ తెలుగు ఇళ్ళల్లో నెలలు నిండిన ఆడపిల్లలు పడిన కంగారు ఇంతా అంతా కాదు. కింది కోర్టులు ఉత్తర్వును అమలు కానివ్వలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

షరతు ఎత్తేయాలని ప్రయత్నాలు జరగకపోలేదు. 2003లో ఆరిన్ హ్యాచ్ అనే సెనేటరు, పౌరసత్వం వచ్చి 20 ఏళ్ళయితే అధ్యక్షుడు కావచ్చని సవరణ ప్రతిపాదించాడు. ఆ ఏడే ఆస్ట్రియాలో పుట్టిన ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కాలిఫోర్నియా గవర్నరయ్యేసరికి జనం దీన్ని 'ఆర్నాల్డ్ సవరణ' చేసి నవ్వుకున్నారు, అక్కడితో ఆగిపోయింది. సవరణ నెగ్గాలంటే ఉభయసభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఇవాళ అక్కడ ఆ రెండు పార్టీలూ ఒప్పుకునే విషయం ఒక్కటీ కనపడటం లేదు. నా మట్టుకు నాకు హ్యాచ్ మాటే సబబనిపిస్తుంది. 1787లో బయటి రాజుల భయంతో వేసిన గడియ అది. రాజులు పోయారు. ఏడో ఏట వచ్చి, అక్కడే చదివి, అక్కడి రోడ్లు వేసిన ఆడమనిషిని ఆపడానికి తప్ప ఆ గడియ దేనికి పనికొస్తోంది?

ఫోన్లో చెప్పిన ఆ సగం విన్నాక మాస్టారు, "నాకు అర్థమైంది సరే, దానికేం చెప్పను?" అన్నాడు. నేనేం చెప్పలేకపోయాను. పిల్లలే ముందుకు వెళ్ళిపోయారు. పోయిన వారం మళ్ళీ ఫోన్. వాళ్ళ బడిలో విద్యార్థి సంఘానికి ఎన్నికలట. మన అమ్మాయి ప్రెసిడెంటుగా నిలబడింది. ఆ ప్రెసిడెంటుకు గుంటూరైనా పర్వాలేదు. ఓట్లు మూడు, నాలుగు, ఐదు తరగతులవి. మూడో తరగతిలో దానికెవరూ తెలియదు, తమ్ముడు తప్ప. వాడు క్లాసులో లేచి 'మా అక్కకే వెయ్యండి' అంటే పని జరుగుతుంది. వాడు ఊరికే అంటాడా? నెల్లాళ్ళు శనివారం సాయంత్రాలు టీవీ రిమోట్ తన చేతిలోనే ఉండాలన్నాడు. అది రెండు వారాలంది. మూడు దగ్గర బేరం తెగింది. గెలిచాక అక్క మాట తప్పితే ఎలా అని వాడికి అనుమానం. అందుకని వీడియో కాల్లో తాతయ్యను పిలిచి, మధ్యలో పూచీ ఉండమన్నారట.

మాస్టారు ఉన్నాడు. శుక్రవారం పోలింగు.